పెనుకొండకు ఏరు రమ్మన్న బుక్కరాయలు

హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే రైల్లో పెనుకొండ రాగానే నాకు ప్రతాప బుక్కరాయలు గుర్తొస్తాడు. విజయనగరాన్నేలిన రెండో హరిహరరాయల కొడుకాయన. పెనుకొండలో ఉండగా 1388లో, జనం సుఖపడాలంటే పెన్నేటి నీళ్లు ఇక్కడికి రావాలని నిండు కొలువులో ఆజ్ఞాపించాడు. ఆ పని జలసూత్రం తెలిసిన సింగాయభట్టుకు అప్పగించాడు. భట్టు సిరువేర చెరువుదాకా కాలువ తవ్వించి, దానికి బుక్కరాయల పేరే పెట్టి, శాసనం చెక్కించాడు.

బిందె మోసిన ఆడవాళ్లకి ఆ పని విలువ చెప్పాలా? చెరువు నిండితే చుట్టుపక్కల బావుల్లో ఊట పెరుగుతుంది. వానకు కొట్టుకొచ్చిన ఒండ్రు చెరువులో చేరుతుంది. ఎండాకాలం ఆ మట్టిని పొలానికి తోలితే పైరుకు సత్తువ. నేలకీ నీటికీ ఇచ్చిపుచ్చుకోవడాలు అలాంటివి. గట్లమీద చెట్లు కొట్టేస్తే మాత్రం మట్టంతా ఒక్కసారే దిగి చెరువు పూడిపోతుంది.

బుక్కరాయలు 1405లో గద్దెనెక్కాడు. మరుసటి ఏడాదికే ఏలుబడి ముగిసింది. కాలువ మాట మాత్రం ఆరువందల ఏళ్లు దాటినా రాతిమీద నిలిచింది.

చెరువు నేలలో ప్లాటు చవగ్గా వస్తోందని ఇంట్లో మాటొస్తే, ఆ రాతిని ఓసారి తలుచుకుందాం.