అరబ్బీలో సైన్సు చెప్పిన ఆచార్యుడు - డాక్టర్ ముషర్రఫా

ఆల్జీబ్రా జ్వరం మనలో చాలామందికి ఇంటర్మీడియట్‌లో పట్టుకుని ఈనాటికీ వదల్లేదు. ఆ మాట అరబ్బీ మాట. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోంచి పుట్టింది. ఆ గ్రంథం రాతప్రతి ఆక్స్‌ఫర్డులో ఉండిపోయింది. దాని అరబ్బీ మూలాన్ని అచ్చు వేసింది కూడా లండన్‌లోనే, 1831లో. కైరోలో అది అచ్చయి అరబ్బు విద్యార్థి చేతికి వచ్చేసరికి 1937 అయింది. తాతగారి ఆస్తి కాగితాలు పొరుగూరి వారి పెట్టెలో దొరికినట్లుంది కదూ! ఆ పుస్తకాన్ని పరిష్కరించి, వ్యాఖ్య రాసి వెలువరించిన ఇద్దరిలో ఒకరు డాక్టర్ అలీ ముస్తఫా ముషర్రఫా. రెండవవారు ముహమ్మద్ ముర్సీ అహ్మద్.

ముషర్రఫా 1898లో ఈజిప్టులో నైలు నది సముద్రంలో కలిసేచోట ఉన్న దమియెట్టా పట్నంలో పుట్టారు. కలిగిన ఇల్లే. కాని 1907లో పత్తి ధర పడిపోయి తండ్రి ఆస్తంతా కరిగిపోయింది. కొద్ది సంవత్సరాలకే ఆయన కన్నుమూశారు. తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని కైరో చేరింది. పెద్దకొడుకు కనుక ఇంటి బరువు తెలిసి పెరిగిన కుర్రవాడు. ప్రాథమిక పరీక్షలో దేశానికే మొదటివాడుగా వచ్చాడు కాబట్టి ఫీజుల బాధ లేకుండా చదువు సాగింది. 1914లో, పెద్దపరీక్ష రెండు నెలలు ఉందనగా తల్లి కూడా పోయింది. అయినా పరీక్ష రాసి దేశంలో రెండవ స్థానం తెచ్చుకున్నాడు. ఆ మార్కులకు మెడిసిన్‌లోనో ఇంజనీరింగులోనో సీటు వచ్చేదే. అతను మాత్రం ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరాడు!

1917లో ప్రభుత్వం ఆయన్ను ఇంగ్లండు పంపింది. నాటింగ్‌హామ్‌లో గణితం చదువుతుండగా 1919లో ఈజిప్టులో ఆంగ్లేయులపై తిరుగుబాటు చెలరేగింది. ఇక్కడ పుస్తకాలు పట్టుకు కూర్చోవడమేమిటి, వచ్చేస్తానని మిత్రుడు నుక్రాషీకి జాబు రాశారు. ఉద్యమంలోనే ఉన్న ఆ మిత్రుడు, దేశానికి నీవు తిరుగుబాటుదారుగా కంటె శాస్త్రజ్ఞుడుగానే ఎక్కువ కావాలని బదులు రాశాడు. (ఈ నుక్రాషీయే తర్వాత ఈజిప్టు ప్రధాని అయి, 1948లో హత్యకు గురయ్యాడు.) ముషర్రఫా ఆగిపోయారు. అది పిరికితనమనే వాళ్లుంటారు. తర్వాత ఆయన చేసిన పని చూశాక నాకు అలా అనబుద్ధి కాలేదు.

లండన్ కింగ్స్ కాలేజీలో రిచర్డ్‌సన్ దగ్గర పరిశోధన చేసి 1923లో పిహెచ్.డి., మరుసటి ఏడే డి.ఎస్సి. పట్టా పొందారు. ఈజిప్షియన్లలో డి.ఎస్సి. అందుకున్న మొదటివారు ఆయనే. విద్యుత్ క్షేత్రంలోను, అయస్కాంత క్షేత్రంలోను వర్ణపట రేఖలు చీలడాన్ని క్వాంటం సిద్ధాంతంతో వివరించే వ్యాసాలవి. తరువాత పదార్థానికి, వికిరణానికి గల సంబంధంపై ఆయన రాసినవాటిని రాయల్ సొసైటీ ప్రచురించింది. అప్పటికి ఆయన కైరోలో పాఠాలు చెప్పుకుంటున్న మేష్టారే. పెద్ద పరిశోధన అంటే పెద్ద దేశంలోనే అనుకునే మనలాంటి వాళ్లం దీన్ని గుర్తుంచుకోవాలి.

1925లో కైరో విశ్వవిద్యాలయం ప్రభుత్వ సంస్థ అయింది. సైన్సు కళాశాలలో పెద్ద కుర్చీలన్నీ విదేశీయులవి. ముప్ఫై ఏళ్లు నిండనిదే ప్రొఫెసర్ పదవి ఇవ్వరాదని నిబంధన. 1926లో ఆ నిబంధన పక్కనబెట్టి ఈయనకు ఇచ్చారు. 1936లో ఆ కళాశాలకు మొదటి ఈజిప్షియన్ డీన్ అయ్యారు. సమీరా మూసా అనే విద్యార్థిని 1939లో ప్రథమురాలిగా ఉత్తీర్ణురాలైతే, ఆడపిల్లకు అధ్యాపక ఉద్యోగమా అని పెద్దలు సణిగారు. ఆమెకివ్వకపోతే నేను రాజీనామా చేస్తానని డీన్ గారు పట్టుబట్టారని చెప్పుకుంటారు. ఆమెకు ఉద్యోగం వచ్చింది, అణు భౌతికశాస్త్రంలో పేరూ వచ్చింది.

ఇక అసలు గొడవ భాషది. విశ్వవిద్యాలయమంటే సర్టిఫికెట్లిచ్చే ఆఫీసు కాదని, కొత్త జ్ఞానం పుట్టవలసిన చోటని ఆయన వాదం. ఆ జ్ఞానం పరభాషలోనే ఉండిపోతే జనంలోకి వేళ్లు దిగవు. ఐరోపావాళ్లు తమ శాస్త్రాన్ని గ్రీకుల దాకా ముడివేసుకున్నట్లే, అరబ్బులూ తమ పాత గణిత, జ్యోతిష గ్రంథాలు వెలికితీసి నేటి సైన్సును వాటికి అతకాలన్నారు. అలాగని మా తాతలే అన్నీ కనిపెట్టారని చెప్పుకుంటూ కూర్చోలేదు. అల్ ఖ్వారిజ్మీని అచ్చు వేయించిన చేత్తోనే సాపేక్ష సిద్ధాంతాన్ని సామాన్యుడికి అరబ్బీలో రాశారు. 1945లో బాంబు పడిన ఏడాదే అణువు, అణుబాంబుల గురించి పుస్తకం తెచ్చారు. రేడియోలో మాట్లాడారు. పియానో, వయొలిన్ వాయించేవారు కూడా.

ఇది వింటే హైదరాబాదు గుర్తురాకమానదు. 1918లో ఉస్మానియాలో ఉర్దూలో చదువులు మొదలుపెట్టినప్పుడు, సైన్సు పుస్తకాల కోసం అంతకు ముందు ఏడే అనువాద విభాగం పెట్టారు. మన తెలుగు అకాడమీ రావడానికి 1968 దాకా ఆగాం.

అయితే ఆయన సిద్ధాంత వ్యాసాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. లేకపోతే లండన్‌లో చదివేదెవరు? ఈ ఇరకాటం ఆయనకు తెలియంది కాదు. పైస్థాయి పరిశోధన ప్రపంచ భాషలో, బోధన, గ్రంథాలు స్వభాషలో అన్న దారి ఆయన నడిచి చూపించారు. అది ఎంతవరకు పారిందంటే చెప్పడం కష్టం. డమాస్కసు విశ్వవిద్యాలయం వైద్యాన్ని సైతం అరబ్బీలో చెప్పింది గాని, కైరో సైన్సు తరగతుల్లో ఇంగ్లీషు పోలేదు.

1950 జనవరి 15న, యాభైయొకటవ ఏట, గుండె ఆగి మరణించారు. విషప్రయోగమని పుకార్లు పుట్టాయి గాని వాటికి ఆధారం లేదు.