ఆకు నుంచి మాత్ర దాకా... మన యల్లాప్రగడ

నెల తప్పిందని తెలియగానే డాక్టరమ్మ చీటీ మీద రాసే మొదటి మందు ఫోలిక్ యాసిడ్. చిన్న మాత్ర, ఖరీదూ తక్కువే. మేముండే మాదాపూర్ వైపు హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిల్లో ఈ మాత్ర వేసుకున్నవాళ్ళు ఎంతోమంది. దాని వెనుక ఓ భీమవరం మనిషి జీవితం ఉందన్న సంగతి వాళ్ళలో ఎందరికి తెలుసో! రోజూ పాలకూర పప్పు తింటే చాలదా, ఈ కెమికల్ ఎందుకని నన్ను అడిగేవాళ్ళూ ఉన్నారు. అడగదగ్గ ప్రశ్నే. జవాబు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు కథలో దొరుకుతుంది.

తల్లి పట్టుదల

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. అనారోగ్యం వల్ల తండ్రి ఉద్యోగం ముందే వదులుకోవడంతో ఇల్లు గడవటం కష్టమైంది. పదమూడేళ్ళప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోతే, వెంకమ్మ వెనక్కి తెప్పించి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకుంటానంటే ఆవిడ ససేమిరా అంది. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

1919లో శేషగిరితో పెళ్ళయింది. చదువు ఖర్చుకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేయూతనిచ్చారు. అప్పుడు గాంధీగారి పిలుపు జోరుమీదుంది. సుబ్బారావు ఖద్దరు కోటు తొడుక్కుని ఆపరేషన్ క్లాసుకు వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చింది. ఫలితంగా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్.

పసరు మందులోని రహస్యం

అంతకుముందే ఆ ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమైపోతాడు. అదే జబ్బు సుబ్బారావుకీ వచ్చింది. ఆయన్ని బతికించింది డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యం. ఈ లక్ష్మీపతిగారి భార్యే రుక్మిణీ లక్ష్మీపతి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, 1946లో మద్రాసు రాష్ట్రంలో తొలి మహిళా మంత్రి అయిన ధీర ఆవిడే.

తర్వాత సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. మూలికలు పనిచేస్తున్నాయని కళ్ళారా చూశారు. కానీ వాటిలోని ఏ పదార్థం పనిచేస్తోంది? ఎంత మోతాదులో? ఆయుర్వేదాన్ని ఆధునిక పరీక్షలకు నిలబెట్టాలన్న తపన అక్కడే మొదలైంది. ఆ తపనే ఆయన్ని సముద్రం దాటించింది.

శేషగిరి ఎదురుచూపు

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తోడై 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుతూనే, పొట్ట గడవడానికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరు పని చేశారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ... ఇలా ఎన్నో పరిశోధనల్లో ఫిస్కేతో కలిసి పేరు తెచ్చుకున్నారు. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

ఇక్కడ శేషగిరి మాట చెప్పుకోకపోతే నా మనసు ఒప్పదు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. భర్త మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేదు. ఎందరో తల్లుల కడుపు పండించే మందు వెనుక ఈ ఇల్లాలి ఒంటరి జీవితం కూడా ఉంది. అయితే ఆయన పేరు పక్కన ఆవిడ పేరు తలిచేవాళ్ళు ఎంతమంది?

నాలుగు టన్నుల పాలకూర

1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ ఒక సంగతి బయటపెట్టింది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోంది. అందులో ఏముందో మాత్రం అంతుచిక్కలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు ఏకంగా నాలుగు టన్నుల పాలకూర నుంచి ఓ పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు. ఫోలిక్ యాసిడ్ అన్న పేరు దాన్నుంచి వచ్చిందే.

ఈ వెతుకులాట ఎలా సాగుతుందనుకున్నారు? ఆకు పసరులో వందల పదార్థాలుంటాయి. దాన్ని భాగాలుగా విడగొట్టి, పాలు తోడుకునేలా చేసే జాతి సూక్ష్మజీవులున్న గాజు గొట్టాల్లో ఒక్కో భాగం వేస్తారు. ఏ గొట్టంలో అవి పెరిగి నీళ్ళు మబ్బుగా మారతాయో, కావలసింది ఆ భాగంలో ఉన్నట్టు. దాన్ని మళ్ళీ విడగొట్టాలి, మళ్ళీ పరీక్షించాలి. ఎంత ఓపిక కావాలో చూడండి!

సుబ్బారావు బృందం కాలేయం నుంచి, సూక్ష్మజీవుల నుంచి ఆ పదార్థాన్ని శుద్ధిగా తీసి, 1945 కల్లా దాని నిర్మాణం తేల్చి, ల్యాబ్‌లోనే తయారు చేసింది. కొద్దికాలంలోనే డాక్టర్లు మరో సంగతి గమనించారు. ఈ మందుకు స్ప్రూ కూడా లొంగుతోంది! అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

విరుగుడు కూడా మందే

ఫోలిక్ యాసిడ్‌ను కాస్త మార్చి, దాని పనిని అడ్డుకునే పదార్థాలనూ లెడర్లీలో తయారు చేశారు. ఆ బృందంలో డోరిస్ సీగర్ అనే మహిళా శాస్త్రజ్ఞురాలూ ఉన్నారు. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌తో 1948లో బోస్టన్ డాక్టర్ ఫార్బర్ 16 మంది ల్యుకేమియా పిల్లలకు వైద్యం చేస్తే 10 మంది తాత్కాలికంగా కోలుకున్నారు. తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్, ముత్యాల గర్భం తర్వాత కొందరికి వచ్చే క్యాన్సర్‌ను నయం చేయగలదని 1956లో లీ, హెర్ట్జ్ అనే వైద్యులు చూపించారు. మన గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా సుబ్బారావు ఆధ్వర్యంలో వచ్చిందే. 1948 ఆగస్టులో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్ళే.

మరి పాలకూర చాలదా?

ఆకుకూరలు తప్పక తినండి. కానీ ఉడికించినప్పుడు, నీళ్ళు పారబోసినప్పుడు వాటిలోని ఫోలేట్ చాలా వరకు పోతుంది. ఏ కట్టలో ఎంత ఉందో చూసి చెప్పలేం. మాత్రలో ఎంతుందో లెక్క తెలుసు. బిడ్డ వెన్నుపాము, మెదడు రూపుకట్టే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. అంటే నెల తప్పాక మొదలుపెడితే కొంత ఆలస్యమైనట్టే. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. ఇదివరకు బిడ్డకు వెన్ను లోపం వచ్చినవాళ్ళకు ఎక్కువ మోతాదు కావాలి. అది డాక్టరే చెప్పాలి. మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్ళు గర్భం ఆలోచన రాగానే డాక్టరుకు చెప్పి తీరాలి. అది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

1944లో హైదరాబాదులో మొదలై ఇప్పుడు తార్నాకలో ఐఐసీటీగా ఉన్న సంస్థలోనూ మొక్కల సారాలను ఇలాగే విడగొట్టి పరీక్షిస్తున్నారు. ఎవరైనా ఏదో కషాయం సర్వరోగ నివారిణి అంటే వెక్కిరించనక్కర్లేదు, గుడ్డిగా తాగనూ అక్కర్లేదు. అందులో ఏముంది, ఎంతుంది, ఎవరి మీద పరీక్షించారు అని అడగండి. సుబ్బారావు జీవితమంతా అడిగిన ప్రశ్నలు అవే.