రాజరికాన్ని ఎదిరించి, రాజు ప్రాణానికి అడ్డుపడిన థామస్ పెయిన్

మనుషులందరూ సమాన హక్కులతో పుడతారని, ఆ హక్కులను కాపాడడానికే ప్రభుత్వం ఉన్నదని ఈనాడు ఎవరన్నా వింతగా తోచదు. 18వ శతాబ్దిలో ఆ సంగతి రాసినందుకు ఇంగ్లండులో ఒక మనిషిపై రాజద్రోహం కేసు పెట్టారు. పండితుల మధ్య తిరుగుతున్న ఆ భావాన్ని రైతులకు, చేతిపనివారికి చేరవేసిన ఆ వ్యక్తే థామస్ పెయిన్.

పెయిన్ 1737 జనవరి 29న ఇంగ్లండులోని థెట్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి స్త్రీలు నడుముకు బిగించుకునే దుస్తులు కుట్టేవాడు. పెయిన్ చిన్నతనంలోనే చదువు మాని ఆ పనిలో చేరాడు. తరువాత ఎక్సైజు ఉద్యోగి అయ్యాడు. జీతాలు పెంచాలని తోటి ఉద్యోగుల తరఫున 1772లో పార్లమెంటుకు విజ్ఞప్తి రాశాడు. ఫలితం లేకపోయింది. 1774లో ఉద్యోగం పోయింది. అప్పులకు ఇంటి సామాను వేలమైంది. ఆ ఏడాదే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన పరిచయ లేఖతో అమెరికా చేరాడు.

అప్పుడు అమెరికాలోని పదమూడు వలస రాజ్యాలు బ్రిటిషు రాజు ఏలుబడిలో ఉండేవి. పన్నుల తగాదా 1775లో యుద్ధంగా మారింది. అయినా రాజును కాదనడానికి చాలామంది జంకారు. 1776 జనవరిలో పెయిన్ 'కామన్ సెన్స్' అనే చిన్న పుస్తకం ప్రచురించాడు. తండ్రి గద్దె కొడుక్కు రావాలనడంలో న్యాయం లేదని సామాన్యులకు అర్థమయ్యే భాషలో వాదించాడు. చదువురానివారికి ఇతరులు చదివి వినిపించారు. ఆ ఏడాది జూలై 4న అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది.

1789లో ఫ్రాన్సులో విప్లవం చెలరేగింది. దానిని దుయ్యబట్టిన ఎడ్మండ్ బర్క్‌కు జవాబుగా పెయిన్ 1791, 1792 సంవత్సరాలలో 'మానవ హక్కులు' అనే గ్రంథాన్ని రెండు భాగాలుగా రాశాడు. చనిపోయినవారు చేసిన కట్టుబాట్లు బతికున్నవారిని బంధించజాలవన్నాడు. ఏభై ఏళ్లు దాటిన పేదలకు ఏటా 6 పౌన్లు, అరవై దాటితే 10 పౌన్లు ఇవ్వాలని, అది దానం కాదని, వారి హక్కని లెక్కలతో చూపాడు. నేటి వృద్ధాప్య పింఛను వెనుక ఉన్న ఆలోచన ఇటువంటిదే. 1792 డిసెంబరులో ఇంగ్లండు కోర్టు ఆయన పరోక్షంలోనే విచారించి దోషిగా తేల్చింది.

అప్పటికే పెయిన్ ఫ్రాన్సులో ఉన్నాడు. ఫ్రెంచి భాష రాకపోయినా అక్కడివారు ఆయనను జాతీయ కన్వెన్షన్‌కు సభ్యుడిగా ఎన్నుకున్నారు. పదవీచ్యుతుడైన రాజు పదహారో లూయీకి మరణశిక్ష వేయాలన్న చర్చ అక్కడే వచ్చింది. రాజరికాన్ని అంతగా ఖండించిన పెయిన్ ఆ శిక్షను వ్యతిరేకించాడు. లూయీ అమెరికా పోరాటానికి చేసిన సాయాన్ని గుర్తుచేశాడు. ఆయనను నిర్బంధంలో ఉంచి, యుద్ధం ముగిశాక దేశం నుంచి పంపివేయమన్నాడు. ఎవరికైనా సరే మరణశిక్ష తగదన్నాడు. ఆ మాట చెల్లలేదు. 1793 జనవరి 21న రాజు తల తీశారు. పెయిన్‌పై విప్లవకారులకు అనుమానం పెరిగింది. ఆ ఏడాది డిసెంబరులో ఆయనను జైలులో పెట్టారు. అక్కడ తీవ్రంగా జబ్బుపడ్డాడు. అమెరికా రాయబారి జేమ్స్ మన్రో ప్రయత్నం వల్ల 1794 నవంబరులో విడుదలయ్యాడు.

భూమి మొదట అందరిదని, దానిని సొంతం చేసుకున్నవారు లేనివారికి బాకీపడి ఉన్నారని 1797లో మరో పుస్తకంలో వాదించాడు. వారసత్వ ఆస్తులపై పన్ను వేసి, 21 ఏళ్లు నిండిన ప్రతివారికీ 15 పౌన్లు ఇవ్వాలని ప్రతిపాదించాడు.

ఒకే దేవుడిని నమ్మినా చర్చి బోధలను విమర్శించినందుకు అమెరికా ప్రజల్లో చాలామంది ఆయనకు దూరమయ్యారు. 1809 జూన్ 8న న్యూయార్క్‌లో మరణించినప్పుడు అంత్యక్రియలకు వేళ్లమీద లెక్కించదగినంత మందే వచ్చారు.

ఆయన రాసినది మాత్రం మన దేశానికీ చేరింది. పుణెలో యువకుడైన జోతిరావు ఫూలే 'మానవ హక్కులు' చదివి ప్రభావితుడయ్యాడు. 1848లో అక్కడే భార్య సావిత్రీబాయితో కలిసి ఆడపిల్లలకు బడి పెట్టాడు. గద్దెపై ఉన్న రాజుతో పోరాడి, గద్దె దిగిన రాజు ప్రాణం నిలపాలని చూసిన పెయిన్ హక్కులను మిత్రులకు ఒక విధంగా, శత్రువులకు మరో విధంగా లెక్కకట్టలేదు.