ఖనిజాలకు పేర్లు పెట్టిన లూయిస్ లీ ఫెర్మర్

విజయనగరం జిల్లాలోని గరివిడి, కోడూరు పరిసరాలు మాంగనీసు గనులకు ప్రసిద్ధి. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1890ల తొలి సంవత్సరాలలో ఆరంభమైనది ఈ ప్రాంతంలోనే. ఇక్కడి నల్లని రాళ్లను పరీక్షించి, అందులో శాస్త్రలోకానికి తెలియని ఖనిజం ఉన్నదని ప్రకటించినవారు సర్ లూయిస్ లీ ఫెర్మర్. ఆయన పెట్టిన పేర్లలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. మరికొన్ని ఖనిజాల జాబితా నుంచి తొలగిపోయాయి. ఒక కొత్త ఖనిజానికి గుర్తింపు ఎలా లభిస్తుందో, ఎలా పోతుందో ఆయన జీవితకథ వివరిస్తుంది.

ఫెర్మర్ 1880 సెప్టెంబరు 18న లండన్‌లో జన్మించారు. అక్కడి రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదువుకుని, 1902లో కలకత్తా కేంద్రంగా పనిచేసే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరారు. ఉక్కు తయారీకి మాంగనీసు అత్యవసరం. దేశంలోని మాంగనీసు నిక్షేపాలను అధ్యయనం చేసే బాధ్యత ఆయన చేపట్టారు. మధ్య భారతంలోని నాగపూర్, ఛింద్వాడా, ఝాబువా ప్రాంతాలనూ, తూర్పు తీరాన నాటి విశాఖపట్నం జిల్లానూ పరిశీలించారు. ఆ శ్రమ ఫలితంగా 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపాలపై వెయ్యి పుటలకు మించిన గ్రంథం వెలువడింది.

ఆ రోజుల్లో కొత్త ఖనిజాన్ని ఆమోదించే అంతర్జాతీయ వ్యవస్థ ఏదీ లేదు. రాయి రంగు, కాఠిన్యం, సాంద్రత, స్ఫటికాల ఆకారం చూసి, రసాయన విశ్లేషణ జరిపి, ఫలితాన్ని శాస్త్రపత్రికలో ప్రకటిస్తే సరిపోయేది. పేరు నిర్ణయం ప్రకటించినవారిదే. ఝాబువాలోని కజ్లీడోంగ్రీ గనిలో దొరికిన బేరియం, మాంగనీసు ఆక్సైడుకు ఫెర్మర్ 1906లో హాలండైట్ అని పేరు పెట్టారు; అది నాటి సంస్థ డైరెక్టర్ థామస్ హాలండ్ గౌరవార్థం. ఛింద్వాడాలోని సీతాపార్ గ్రామం పేరిట సీతాపారైట్, నాగపూర్ సమీపంలోని బెల్డోంగ్రీలోనూ మన గరివిడిలోనూ లభించిన ఖనిజానికి సహోద్యోగి ఎర్నెస్ట్ వ్రెడెన్‌బర్గ్ పేరిట వ్రెడెన్‌బర్గైట్ వచ్చాయి. గార్నెట్, ఫెల్డ్‌స్పార్, అపటైట్ కలిసిన ఒక శిలకు కోడూరు పేరు మీద కోడూరైట్ అని ఆయనే నామకరణం చేశారు. సీతాపార్‌లోనే లభించిన మరొక ఖనిజాన్ని బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞులు పరీక్షించి, దానికి ఆయన గౌరవార్థం ఫెర్మరైట్ అని పేరు పెట్టారు.

ఫెర్మర్ 1930లలో సర్వేక్షణ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 1933లో పాట్నాలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. 1934లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1935లో కలకత్తాలో ఏర్పడిన జాతీయ విజ్ఞాన సంస్థకు తొలి అధ్యక్షులయ్యారు; నేటి భారత జాతీయ సైన్స్ అకాడమీ అదే. ఆ సంవత్సరమే సర్ బిరుదు పొంది, ఉద్యోగ విరమణ చేశారు. ప్రఖ్యాత యాత్రా రచయిత పాట్రిక్ లీ ఫెర్మర్ ఆయన కుమారుడే. 1954 మే 24న ఇంగ్లండులో ఆయన కన్నుమూశారు.

ఆయన మరణించిన అయిదేళ్లకు, 1959లో, అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం కొత్త ఖనిజాల పరిశీలనకు ఒక కమిషన్‌ను నెలకొల్పింది. నేడు కొత్త ఖనిజాన్ని కనుగొన్నవారు దానిని పత్రికలో ప్రకటించడానికి ముందే ఆ కమిషన్‌కు ప్రతిపాదన పంపాలి. రసాయన సంఘటనతో పాటు స్ఫటికంలో పరమాణువుల అమరిక కూడా చూపాలి. నమూనాను ఒక మ్యూజియంలో భద్రపరచాలి. వివిధ దేశాల సభ్యులు ఓటు వేస్తారు. మూడింట రెండు వంతుల మద్దతు లభిస్తేనే ఆమోదం. కనుగొన్నవారు తమ పేరే పెట్టుకోరాదు. జీవించి ఉన్నవారి పేరు పెట్టాలంటే వారి సమ్మతి అవసరం. పాత ఖనిజాలనూ పునఃపరిశీలించి, తగినంత ఆధారం లేనివాటిని తొలగించే అధికారం కమిషన్‌కు ఉంది.

కొత్త పరికరాలు వచ్చాక ఫెర్మర్ పెట్టిన పేర్లు కూడా ఇలాంటి పరీక్షకు నిలవవలసి వచ్చింది. సీతాపారైట్, 1897లోనే అమెరికాలోని యూటాలో గుర్తించిన బిక్స్‌బైట్ ఒకటేనని తేలింది. గరివిడి వ్రెడెన్‌బర్గైట్ ఒకే ఖనిజం కాదు. జాకబ్‌సైట్, హౌస్‌మనైట్ అనే రెండు ఖనిజాలు పలుచని పొరలుగా అల్లుకున్న మిశ్రమం. సూక్ష్మదర్శినితో చూస్తే తప్ప ఆ తేడా కంటికి అందదు. చివరకు ఆయన పేరునే ధరించిన ఫెర్మరైట్ కూడా నిలవలేదు. 2010లో అపటైట్ వర్గపు ఖనిజాల నామావళిని సవరించినప్పుడు, అది 1980లో అమెరికాలో వర్ణించిన జాన్‌బామైట్‌కు మరొక స్ఫటిక రూపమేనని నిర్ణయించారు. ఏడు దశాబ్దాలు ముందు పుట్టిన పేరు తరువాతి పేరుకు చోటిచ్చింది.

హాలండైట్ మాత్రం స్థిరంగా నిలిచింది. అదే తరహా స్ఫటిక నిర్మాణం గల ఖనిజాలన్నిటినీ నేడు హాలండైట్ మహాసమూహం అనే వ్యవహరిస్తున్నారు. తొలగిన పేర్ల వల్ల ఫెర్మర్ కృషికి లోటు రాలేదు. ఏ గనిలో, ఏ రాయిలో ఏమి కనిపించిందో ఆయన వివరంగా నమోదు చేసినందువల్లనే, తరువాతి తరాలవారు ఆ నమూనాలను మళ్లీ పరీక్షించి ఆయన నిర్ణయాలను సరిదిద్దగలిగారు.