మన్రో దొర లెక్కలు

నిరుడు మా ఎకనామిక్స్ డిపార్టుమెంటులో కంప్యూటర్ మీద లెక్కలు కట్టడం నేర్పించారు. సాఫ్ట్‌వేర్ పేరు ఆర్. ప్రాజెక్టు కింద నా వంతుకు వచ్చింది మా మండలంలోని ఊళ్ల శెనక్కాయ దిగుబడి. కాగితాల మీది అంకెలన్నీ ఎక్కించి సగటు అడిగితే, అది అంకె చెప్పకుండా ‘ఎన్.ఎ.’ అని రెండక్షరాలు చూపించి ఊరుకుంది. కొన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయని దాని అభ్యంతరం. అదెంత పని అనుకొని ఖాళీలన్నిట్లో సున్నాలు కొట్టేశాను. సగటు వెంటనే వచ్చింది. గ్రాఫు కూడా చూడ ముచ్చటగా వచ్చింది.

మా లెక్చరరుగారు తెర వైపు చూసి ఒక్క మాట అడిగారు. ఆ ఏడు వాన లేక పంట సున్నా అయిందా, లేక లెక్క రాసేవాడు ఆ ఊరికే పోలేదా అని. నా దగ్గర జవాబు లేదు. అయితే మన్రో దొర జీవితం చదివి రా, తర్వాత చూద్దాం అన్నారు. మా అవ్వ నోట మన్రోలప్ప అనే పేరు వినడమే గాని, ఆ మనిషికీ నా సున్నాలకూ సంబంధమేమిటో అప్పుడు అర్థం కాలేదు.

థామస్ మన్రో 1761 మే 27న గ్లాస్గోలో ఒక వర్తకుని ఇంట పుట్టాడు. అమెరికా యుద్ధంతో తండ్రి వ్యాపారం దెబ్బతింది. 1780లో కుర్రవాడు కంపెనీ పటాలంలో కాడెట్‌గా మద్రాసులో దిగి, హైదరాలీ మీది యుద్ధంలో పనిచేశాడు. 1792లో సేలం వైపు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద శిస్తు పనిలో చేరాడు. పొలం కొలవడం, రైతుతో ముఖాముఖి మాట్లాడి పన్ను కట్టడం అక్కడే నేర్చుకున్నాడు.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్త మండలాలన్నారు, రాయలసీమ అనే పేరు 1928లో గదా వచ్చింది! ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చేనాటికి ఎనభై మంది దాకా పాలెగాళ్లు ఎవరి కోటలో వాళ్లు రాజులు. సైన్యం అండతో వాళ్లను అణచి, గుడారాల్లో ఊరూరా తిరిగాడు. 1802లో చేను చేనుకూ కొలత మొదలుపెట్టించాడు. మెట్టా, మాగాణా, తోటా అన్నది విడివిడిగా రాయించాడు. గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు పొడవూ గొలుసు వెడల్పూ ఉన్న తునకలు నలభై అయితే ఒక ఎకరం. నేను కాలిక్యులేటరు మీద కొట్టి చూశాను, చదరపు అడుగుతో సహా సరిపోయింది. కొలిచేవాళ్లకు ఎకరాకింత అని కూలి. తొందరపడి తప్పు కొలుస్తారేమోనని, వాళ్ల పైన మళ్లీ తనిఖీ మనుషులు.

ఇంత చేసింది మన మీద ప్రేమతోనే అంటే నేను నమ్మను. కంపెనీకి శిస్తు కావాలి. ఆయన ఉన్న ఏడేళ్లలో అది సుమారు 10 లక్షల వరహాల నుంచి 15 లక్షలకు పెరిగింది. ఆ పెరిగిన ప్రతి వరహా మన చేలల్లోంచి పోయిందే. కానీ తన లెక్క తనకే వినిపించిన మనిషి ఆయన. 1807లో వెళ్లిపోయే ముందు, శిస్తు బరువెక్కువైంది, నూటికి 25 వంతులు తగ్గించాలి, బావుల కింద, చెరువుల కింద భూములకు 33 దాకా తగ్గించాలి అని రాశాడు. మద్రాసు ప్రభుత్వం వినలేదు. ఊళ్లను మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకిచ్చింది. గుత్తలు నిలవలేదు, రైతులు చితికిపోయారు. 1820లో ఆయనే గవర్నరై తిరిగొచ్చాక గాని రైత్వారీ మళ్లీ రాలేదు, తగ్గింపూ అమలు కాలేదు.

నా ప్రశ్నకు జవాబు దొరికింది ఆ తర్వాతి ఘట్టంలో. 1822లో ఆయన మద్రాసు రాష్ట్రంలోని బడుల లెక్క పంపమని కలెక్టర్లందరికీ రాశాడు. 1826 నాటికి తేలినవి 12,498 బడులు. జనం 1 కోటి 28 లక్షల పైచిలుకు, అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. ఆ లెక్కన చూస్తే మగపిల్లల్లో నాలుగోవంతు మందికే చదువు. ఆయన అక్కడ ఆగలేదు. ఇళ్లలో చదువుకునేవాళ్ల లెక్క జిల్లాల నుంచి రాలేదని గమనించాడు. మద్రాసు పట్నం నుంచి వచ్చిన ఇంటి చదువుల అంకె మరీ పెద్దదిగా ఉందని దాన్నీ అనుమానించాడు. రాని అంకెను సున్నా అనుకోలేదు, వచ్చిన అంకెను గుడ్డిగా నమ్మలేదు. చదువుకునే మగపిల్లలు నాలుగోవంతు కంటే మూడోవంతుకే దగ్గరగా ఉంటారని అంచనా కట్టాడు. ఆడపిల్లలకు బడి చదువు దాదాపు లేదన్న సంగతినీ దాచలేదు.

స్వదేశం పోబోతూ చివరిసారి ఈ సీమ చూడాలని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. గండి క్షేత్రంలో పాపాఘ్ని కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందనీ, పుణ్యాత్ములకే అది కనిపిస్తుందనీ, చూసినవాళ్లు ఎక్కువకాలం బతకరనీ మా అవ్వ చెప్పేది. పన్ను వసూలు చేసిన పరాయి దొర గురించి రైతులు ఇట్లాంటి కథ చెప్పుకున్నారంటే, నాకు ఆ తోరణం కంటే అదే ఆశ్చర్యం.

తర్వాతి ఆదివారాలు నోటుపుస్తకం పట్టుకొని బస్సెక్కాను. ఒక ఊళ్లో ఆ ఏడు విత్తనమే పడలేదట, అక్కడ సున్నా నిజం. ఇంకో ఊళ్లో పంట పండింది, రాసినవాళ్లే లేరు. అక్కడ నా సున్నా ఒక ఊరి కష్టాన్ని తుడిచేసింది. ఆ గడిని మళ్లీ ఖాళీ చేశాను. ఖాళీలు వదిలేసి సగటు కట్టమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాను, ఎన్ని ఖాళీలో రిపోర్టులో రాశాను. ఈసారి గ్రాఫు తెగిన గీతలతో అంత అందంగా రాలేదు. లెక్చరరుగారు దాని మీదే సంతకం పెట్టారు.

వచ్చే ఏడు అదే ల్యాబులో కూర్చునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మనవి. సున్నా కొట్టే ముందు ఒకసారి ఆ ఊరి బస్సెక్కండి.