రఘుపతి వెంకటరత్నం నాయుడు

రఘుపతి వెంకటరత్నం నాయుడు (అక్టోబరు 1, 1862 - మే 26, 1939) విద్యావేత్త, సంఘ సంస్కర్త, ఆంధ్రదేశంలో బ్రహ్మసమాజ ఉద్యమానికి ప్రముఖ నాయకుడు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా, మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశాడు. కులభేదాల నిర్మూలన, స్త్రీ విద్య వంటి విషయాలను ఉపన్యాసాలతో ముగించక, తరగతి గదిలోను, వసతి గృహంలోను, స్వగృహంలోను ఆచరణలో పెట్టాడు. బ్రహ్మర్షి అని, అపర సోక్రటీసు అని ప్రసిద్ధి పొందాడు.

బాల్యం, విద్య

వెంకటరత్నం నాయుడు మచిలీపట్నంలో జన్మించాడు. తండ్రి అప్పయ్య నాయుడు సైన్యంలో సుబేదారు. ఆ ఉద్యోగరీత్యా బాల్యం ఉత్తరాదిన, హైదరాబాదులో గడిచింది. ఉన్నత విద్యకు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరాడు. అక్కడి ప్రిన్సిపాలు విలియం మిల్లర్ ప్రభావం ఆయనపై గాఢంగా పడింది. ఆ కాలంలోనే బ్రహ్మసమాజ సిద్ధాంతాల వైపు ఆకర్షితుడయ్యాడు. యౌవనంలోనే భార్య మరణించగా, మరల వివాహం చేసుకొనలేదు.

నోబుల్ కళాశాల, కొల్లేటి సీమ

మద్రాసులో కొంతకాలం పనిచేసిన తరువాత మచిలీపట్నం నోబుల్ కళాశాలలో ఆంగ్లం బోధించాడు. ఆ రోజుల్లో ఏలూరు గోదావరి జిల్లాలో ఉండేది. ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల 1945లో గాని వెలయలేదు. కనుక ఈ సీమ విద్యార్థులు పైచదువులకు ఇతర పట్టణాలకు వెళ్ళవలసి వచ్చేది. ఏలూరు సమీపాన గల గుండుగొలనులో జన్మించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య అట్లే నోబుల్ కళాశాలకు వెళ్ళి, నాయుడుకు శిష్యుడయ్యాడు.

అయితే ఈ అవకాశం అందరికీ లేదు. ఊరి వెలుపల మాల, మాదిగ పల్లెలలోని పిల్లలకు ప్రాథమిక పాఠశాల ప్రవేశమే దుర్లభం. కళాశాల వారి ఊహకు కూడ అందనిది.

కాకినాడలో

1899లో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యాడు. 1904లో పిఠాపురం రాజా కళాశాల బాధ్యతలు స్వీకరించి, 1919 వరకు నిర్వహించాడు. ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఇదే. అస్పృశ్యులుగా పరిగణింపబడిన కులాల విద్యార్థులను కళాశాలలో చేర్చుకొని, ఇతరులతో సమానంగా కూర్చుండబెట్టాడు. స్త్రీలకు కూడ ప్రవేశం కల్పించాడు. ఆనాటి సంప్రదాయ సమాజంలో ఇవి సాహసోపేతమైన చర్యలు. దళిత బాలురను తన ఇంటిలో ఉంచి పెంచాడు. జీతంలో అధిక భాగం పేద విద్యార్థులకు వెచ్చించాడు. పిఠాపురం రాజా సూర్యారావు బహద్దూరు ఆయనకు శిష్యుడు. అనాథ శరణాలయం, హరిజన విద్యార్థుల వసతి గృహం వంటి సంస్థలకు రాజావారి ధనసహాయం లభించింది. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కూడ ఆయన ప్రభావానికి లోనైనవాడే.

విశ్వవిద్యాలయంలో

1924లో బ్రిటిషు ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నాడు. ఆ కాలంలోనే, 1926లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడ కేంద్రంగా ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి దానికి తొలి ఉపకులపతి. మాల, మాదిగ పిల్లలతో కలిసి భోజనం చేసిన అధ్యాపకుడు విశ్వవిద్యాలయ అత్యున్నత పదవిని అధిష్ఠించడం ఆనాటి విద్యాలోకంలో గమనించదగిన విషయం.

పరిమితులు

వేశ్యల నాట్య ప్రదర్శనలకు వ్యతిరేకంగా 1890 దశకంలో సాంఘిక పవిత్రతా ఉద్యమం నడిపాడు. కళావంతుల కులంలోని స్త్రీలను నైతిక దృష్టితో మాత్రమే చూచి, వారి జీవనోపాధిని, నాట్యకళను ఈ ఉద్యమం తగినంతగా పట్టించుకొనలేదని తరువాతి పరిశోధకులు విమర్శించారు. దేవదాసీ వ్యవస్థను నిషేధించే మద్రాసు చట్టం 1947లో వచ్చింది. అలాగే ఆయన కృషి ప్రధానంగా వ్యక్తుల మనఃపరివర్తనపై ఆధారపడింది. భూమి, కూలి వంటి ఆర్థిక అసమానతల జోలికి అంతగా వెళ్ళలేదు.

అయినను, చదువులో సమానత్వం గురించి మాట్లాడే అధికారం గలవాడు ముందుగా తన సంస్థ ద్వారాన్ని తెరవాలని ఆయన జీవితం నిరూపించింది. 1939 మే 26న కాకినాడలో మరణించాడు.