బదనిక పూవును నమోదు చేసిన డాక్టర్ రాక్స్‌బర్గ్

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవిత విశేషాలు రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరారు. గాంధీగారి గురించీ, కాటన్ దొర గురించీ నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పేరు టైపు చేస్తూ, ఆ పేరు ఎవరిదో తెలుసుకోకుండానే రిటైరైపోయిన ఒకాయన గురించి రాయదలచుకున్నాను.

నేను గుమాస్తాగా చాలాకాలం కలప లెక్కలు చూసే సెక్షన్‌లో పనిచేశాను. మా జాబితాల్లో ప్రతి చెట్టుకూ తెలుగు పేరు పక్కన లాటిన్ పేరు ఉండాలి. ఇప్పకు బాసియా లాటిఫోలియా, తునికికి డయోస్పైరస్ మెలనాక్జైలాన్, జిట్రేగికి డాల్బర్జియా లాటిఫోలియా. ఈ పేర్లన్నిటి చివరా ‘రాక్స్‌బ్.’ అని ఒక తోక, దాని తరువాత ఒక చుక్క ఉండేవి. అది కలప గ్రేడు అయి ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. చుక్క మరచిపోతే సూపరింటెండెంటు గారు కాగితం తిప్పి పంపేవారు కాబట్టి చుక్క మాత్రం ఏనాడూ మరువలేదు. రిటైరయ్యాక మన సంఘంలోని ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుణ్ణి అడిగితే, అది గ్రేడు కాదనీ, ఒక మనిషి పేరనీ చెప్పారు. మొక్కను శాస్త్రరీత్యా మొదట వర్ణించి పేరు పెట్టిన వారి పేరును ఆ విధంగా పొడి అక్షరాలలో చివర రాస్తారట.

ఆ మనిషి డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్. 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో పుట్టారు. ఎడింబరోలో వైద్యం చదువుతూ జాన్ హోప్ అనే ఆచార్యుని వద్ద వృక్షశాస్త్రం నేర్చుకున్నారు. ఆనాటి వైద్యానికి మందులన్నీ మొక్కల నుంచే రావాలి గనుక వైద్యుడికి ఆ విద్య తప్పనిసరి. ఈస్టిండియా కంపెనీ ఓడల మీద వైద్య సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసులో అసిస్టెంట్ సర్జన్‌గా ఉద్యోగంలో చేరారు. 1781లో ఆయనను గోదావరి జిల్లాలోని సామర్లకోటకు వేశారు. ఆయన అసలు జీవితం అక్కడే మొదలైందని చెప్పాలి.

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ పని దండులోని సిపాయిలకు వైద్యం చేయడం. కాని ఆయన అక్కడ ఒక తోట వేశారు. మిరియాలు, కాఫీ, దాల్చిన, నీలిమందు, పట్టుపురుగుల కోసం మల్బరీ, ఇలా కంపెనీకి లాభం తెచ్చే పైరులన్నీ వేసి చూశారు. ఈ సంగతి దాచనవసరం లేదు. ఆయన కంపెనీ నౌకరు. తోటకు డబ్బిచ్చిన కంపెనీ మనసులో ఉన్నది రాబడే. అయితే డ్యూటీ ముగిశాక ఆయన చేసిన పని వేరు. సర్కారు జిల్లాల్లోని అడవులూ గట్లూ తిరిగి, కనిపించిన ప్రతి మొక్కనూ సేకరించి, ఆకు, పూవు, కాయ, విత్తనం కొలిచి, ఇక్కడివారు దానిని ఏమంటారో, దేనికి వాడతారో అడిగి రాసుకునేవారు.

ఆ రోజుల్లోనే లిన్నేయస్ మహాశయుని శిష్యుడైన కోనిగ్ అనే వైద్యుడు దక్షిణాదిన మొక్కలు సేకరిస్తూ ఉండేవాడు. ఆయన రాక్స్‌బర్గ్‌కు మిత్రుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన తరువాత కంపెనీ వారి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా వచ్చిన పాట్రిక్ రస్సెల్ పేరే ఇంగ్లీషులో మన రక్తపింజరికి ఉన్నది. 1789లో రస్సెల్ ఇంగ్లండు వెళ్లిపోగా ఆ బాధ్యత రాక్స్‌బర్గ్‌కు అప్పగించారు.

ఇంతకు రెండేళ్ల ముందు జరిగిన ఒక ఘోరం చెప్పాలి. 1787లో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచింది. ఆరోగ్యం కోసమని రాక్స్‌బర్గ్ అప్పుడు కుటుంబంతో తన మామూలు నివాసానికి కొన్ని మైళ్ల దూరాన తాత్కాలికంగా వేసిన ఇంట్లో ఉన్నారు. ఒంటిమీది బట్టలతో ప్రాణాలు దక్కించుకున్నారు. అన్నేళ్లు ఎండబెట్టి దాచిన మొక్కలు, పుస్తకాలు, రాసుకున్న కాగితాలు అన్నీ నీళ్లపాలయ్యాయి. రికార్డు రూములో పనిచేసిన మనకు ఈ బాధ వేరే వివరించనక్కరలేదు. ఒక్క ఫైలు కనపడకపోతేనే రాత్రిళ్లు నిద్ర ఉండదు. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. ఊరుకోవచ్చు, స్వదేశం పోవచ్చు. ఆయన మళ్లీ మొదటి మొక్క నుంచి మొదలుపెట్టారు.

ఆ వెంటనే 1789 నుంచి 1792 దాకా సర్కారు జిల్లాల్లో వానలు లేక భయంకరమైన కరువు వచ్చింది. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో వాతావరణ వివరాలు రాసి పెట్టుకునేవారు గనుక ఆ అనావృష్టి లెక్క ఆయన వద్ద ఉన్నది. వరి ఒక్కదానినే నమ్ముకోకుండా కొబ్బరి, పనస, అరటి వంటివి విస్తారంగా నాటిస్తే కరువులో ప్రాణాలు నిలుస్తాయని పై అధికారులకు రాశారు. అందులో ఎంత అమలు జరిగిందనేది వేరే విషయం. పై అధికారులకు రాసిన కాగితాల గతి మనకు తెలియనిది కాదు.

1790 ప్రాంతం నుంచి ఆయన మన దేశపు చిత్రకారులను పెట్టుకుని మొక్కల బొమ్మలు గీయించారు. సుమారు 500 బొమ్మలు లండనుకు పంపగా, సర్ జోసెఫ్ బ్యాంక్స్ వాటిలో 300 ఎంపిక చేశారు. అవి ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అనే పేరుతో 1795 నుంచి 1820 దాకా మూడు పెద్ద సంపుటాలుగా వెలువడ్డాయి. మన ఇప్ప, మన తునికి మొదటి సంపుటంలోనే ఉన్నాయి. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఆయన ప్రచారం చేశారు. తరువాత శాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అని మన తెలుగు మాటనే పేరుగా పెట్టారు. రాక్స్‌బర్గ్ పనిచేసింది కోస్తాలో, మన వరంగల్ అప్పుడు నిజాం ఏలుబడిలో. కాని చెట్లకు సరిహద్దు లేదు. గోదావరి ఆవల ఆయన చూసిన చెట్టే ఈవల పాకాల, ఏటూరునాగారం అడవుల్లోనూ ఉన్నది.

ఆ మొదటి సంపుటంలో ఒక బొమ్మ నాకు స్వంత బంధువులాగా అనిపించింది. అది బదనిక. మన ఇప్పచెట్ల మీద, మామిడి కొమ్మల మీద దళసరి ఆకులతో కనిపించే మొక్క. ఆర్కిడ్ అంటే ఏ సింగపూరులోనో, పెళ్లి పందిళ్ల అలంకరణలోనో ఉండేదని మనం అనుకుంటాం. ఈ బదనిక స్వచ్ఛమైన ఆర్కిడ్. పసుపు, గోధుమ రంగు కలిసిన రేకుల మీద చదరంగం గడుల వంటి గీతలు, మధ్యలో ఊదారంగు పెదవి వంటి రేకు, మంచి వాసన. ఆ గడులను చూసే రాక్స్‌బర్గ్ దానికి టెస్సెలేటం, అంటే గడుల అల్లిక కలది, అని పేరు పెట్టారు. చెట్టు మీద పెరిగే ఆర్కిడ్లను ఆనాడు దాదాపు అన్నిటినీ ఎపిడెండ్రం అనే ఒకే పద్దు కింద రాసేవారు. కనుక ఇది 1795లో ఎపిడెండ్రం టెస్సెలేటం అయింది.

బదనిక చెట్టు రసం తాగి బతుకుతుందని మన పల్లెల్లో నమ్మకం. జిట్టు వంటి పరాన్నజీవులను కూడా బదనిక అనే పిలవడం వల్ల ఈ పొరపాటు వచ్చింది. ఈ ఆర్కిడ్ చెట్టు నుంచి ఆసరా తప్ప మరేమీ తీసుకోదు. గాలిలో వేలాడే దాని వేళ్లకు స్పాంజి వంటి తెల్లని పొర ఉంటుంది. వాన చినుకునూ మంచునూ ఆ పొరే పీల్చుకుంటుంది. ఆకుల మీది సన్నని రంధ్రాలు పగటి ఎండకు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. అందుకే మన మే నెల ఎండలకు కూడా తట్టుకుంటుంది. పుప్పొడి పొడిగా రాలదు. చిన్న ఉండగా తేనెటీగ వంటి పురుగుకు అంటుకుని మరో పూవుకు పోతుంది. ఒక్కొక్క కాయలో ధూళి వంటి విత్తనాలు వేలకొద్దీ, కొన్ని ఆర్కిడ్లలో లక్షలకొద్దీ ఉంటాయి. కాని వాటిలో నిలవ ఆహారం ఉండదు. సరైన బూజు జాతి తోడు దొరికితేనే మొలకెత్తుతాయి. అంత విత్తు పోసి, మొలిచేది ఏ ఒక్కటో. అందువల్ల ఒక పెద్ద చెట్టు కూలితే దానిమీది బదనికలు మళ్లీ రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. కొన్ని ప్రాంతాల్లో రాస్నా అనే పేరుతో దీని వేళ్లను మందుకు పెరికి అమ్మడం మరో దెబ్బ.

ఈ పూవు పేరు కథ మన సీనియారిటీ లిస్టుల కథ వంటిదే. వందాకము అనే సంస్కృత పదం మూలంగా సర్ విలియం జోన్స్ వాడిన వాండా అనే పేరును 1820లో రాబర్ట్ బ్రౌన్ ఒక కొత్త ప్రజాతికి స్థిరపరచి, మన బదనికకు గౌరవార్థం వాండా రాక్స్‌బర్గీ అని పేరు పెట్టారు. కాని శాస్త్రంలో ముందు నమోదైన పేరుకే సీనియారిటీ. అందుచేత డాక్టర్ గారిని గౌరవించిన పేరు వెనక్కు పోయి, ఆయన స్వయంగా రాసిన పాత మాటే నిలిచింది. నేడు దాని పేరు వాండా టెస్సెలేటా. దాని పక్కన రాక్స్‌బ్. అన్నది బ్రాకెట్లో ఉంటుంది. పద్దు మారినా మొదట నమోదు చేసినవారి పేరు తీసివేయరాదన్నది నియమం. ఇంత న్యాయమైన సర్వీసు రూలు మన సర్వీసులో నేను చూడలేదు.

1793లో కర్నల్ కిడ్ మరణించగా, రాక్స్‌బర్గ్‌ను కలకత్తా శిబ్‌పూర్ వృక్షోద్యానానికి సూపరింటెండెంటుగా వేశారు. అక్కడ ఇరవై ఏళ్లు పనిచేశారు. 1814లో అచ్చయిన తోట జాబితాలో సుమారు 3,500 మొక్కలున్నాయి. రెండున్నర వేలకు పైగా బొమ్మలు గీయించారు. ఆరోగ్యం చెడి 1813లో భారతదేశం విడిచి, దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగినప్పుడు అక్కడి మొక్కలను కూడా రాసుకుంటూ, 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. ఆయన రాసిన ‘ఫ్లోరా ఇండికా’ బతికుండగా అచ్చు కాలేదు. మిత్రుడు విలియం కేరీ చేతుల మీదుగా శ్రీరాంపూరులో 1832లో పూర్తిగా వెలువడింది. ఆయనను భారత వృక్షశాస్త్ర పితామహుడని అంటారు.

ఇంతవరకు స్తుతి. ఇక నన్ను బాధించే విషయం ఒకటి ఉన్నది. ఆ అద్భుతమైన బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు ఆ పుస్తకంలో లేవు. ఇది ఇప్ప, ఇది తునికి, ఇది సోమిద అని దొరకు చెప్పిన మనవాళ్ల పేర్లూ లేవు. తెలుగు పేర్లు మాత్రం లాటిన్ పేర్ల కింద భద్రంగా ఉన్నాయి. చెప్పిన మాట రికార్డయింది, చెప్పిన మనిషి కాలేదు. శాస్త్రపు బ్రాకెట్లో వారికి చోటు లేదు.

అయితే ఆ తప్పు దొరది మాత్రమే అనడానికి నాకు నోరు రాదు. ఒక వేసవిలో పని మీద మేము అడవికి వెళ్లినప్పుడు గాలివానకు ఒక పెద్ద ఇప్పచెట్టు కూలి ఉంది. దాని కొమ్మన పూవులతో ఒక మొక్క వేలాడుతున్నది. జాబితాలో ఇప్పకు గడి ఉంది, చుట్టుకొలతకు గడి ఉంది, ఆ మొక్కకు గడి లేదు. తునికాకు కోతకు వచ్చిన ఒక అవ్వ అది బదనిక అనీ, కట్టెతో పాటు ఎండనివ్వకుండా ఇంటి దగ్గర చెట్టుకు కట్టుకొమ్మనీ, మట్టిలో పెట్టవద్దనీ నాకు చెప్పింది. తానే చిన్న కొమ్మతో సహా కోసి ఇచ్చింది. హన్మకొండలో మా ఇంటి మామిడిచెట్టుకు కొబ్బరిపీచుతో కట్టాను. మూడో వేసవికి పూసింది. ఇప్పటికీ పూస్తున్నది.

రాక్స్‌బర్గ్ జీవితం చదివాక నేనూ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. మొక్క తెలుగు పేరు, చూసిన చోటు, ఉపయోగం, చెప్పినవారి పేరు అని నాలుగు గడులు గీశాను. మన సభ్యుల్లో పల్లెల నుంచి, అడవి ప్రాంతాల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. తమకు తెలిసిన పేర్లు, అవి ఎవరు చెప్పారో వారి పేర్లతో సహా రాసి ఇస్తే అందులో చేరుస్తాను. ఇప్పటికి నలభై పైచిలుకు మొక్కలయ్యాయి. మొదటి పంక్తిలో బదనిక రాశాను. మూడు గడులు నిండాయి. నాలుగోది ఖాళీగా ఉంది. ఆ అవ్వ పేరు నేను అడగలేదు.